దగ్గు లేని సినిమా

సోల్ 9

అంగారకుడి మీద రోజును సోల్ అంటారు. మన రోజు కంటే నలభై నిమిషాలు ఎక్కువ. ఆ నలభై నిమిషాలు ఏం చేసుకోవాలో కొత్తగా వచ్చినవాళ్లకు తోచదు కాబట్టి డైరీ రాయమని ఇక్కడి డాక్టరు చెప్పాడు. రాస్తున్నాను.

ఈరోజే ఉద్యోగంలో చేరాను. నా పని గోడలు వినడం. ఈ కాలనీ మొత్తం నేల కింద తవ్విన సొరంగాలే. గోడలో సూదిమొనంత బెజ్జం పడినా లోపలి గాలి బయటికి పోతుంది. పోతూ పోతూ సన్నగా కూస్తుంది. ఆ కూత ఎక్కడుందో విని, సుద్దముక్కతో గుండ్రం చుట్టి, అతుకు వేసేవాళ్లను పిలవాలి. ఇంతకుముందు యంత్రాలు వినేవట. పంపు మోతకూ లీకుకూ తేడా తెలియక గంటకోసారి సైరన్ మోగిస్తుంటే జనం పడలేక మనిషి చెవులు కావాలని ప్రకటన ఇచ్చారు.

నాకు పదహారేళ్ల అనుభవం ఉంది. గోడలతో కాదు, సినిమాలతో. తెర మీద హీరో నడుస్తుంటే స్టూడియోలో ఇసుక పళ్లెంలో నడిచింది నేను. గుర్రపు డెక్కలు నా చేతిలో కొబ్బరిచిప్పలు. విలన్ ఎముకలు విరిగినప్పుడల్లా నేనొక ముల్లంగి విరిచాను. చివరికి స్టూడియో మూతపడింది. దొంగ కాపీలే ముంచాయని మా యజమాని అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

డ్యూటీ దిగాక నేను పనిచేసిన ఆఖరి సినిమా 'నల్లరేగడి నవాబు' చూద్దామని తెర పెట్టాను. బయల్దేరే ముందే కొనిపెట్టుకున్నాను. తెర మీద ఇలా వచ్చింది: 'క్షమించండి. మీరు ఉన్న గ్రహంలో ఈ చిత్రం అందుబాటులో లేదు.'

సోల్ 14

హెల్మెట్‌లో జడ పట్టడం లేదు. కత్తిరించుకుందామని క్షౌరశాలకు వెళ్లాను. దాన్ని నడిపే యెర్లాన్ కజకిస్తాన్ మనిషి. యాభై ఏళ్లుంటాయి. పెద్ద మీసాలు, మెత్తని చేతులు. నన్ను చూడగానే తెలుగులో మాట్లాడాడు.

"దా. ఈ కుర్చీలో కూర్చున్నవాడు వచ్చినట్టు తిరిగి పోలేదు."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పక్కన కూర్చున్నావిడ సర్దిచెప్పింది. యెర్లాన్ సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్నాడట. హీరోలు గబగబా మాట్లాడతారు, విలన్లు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడతారు కాబట్టి విలన్ల మాటలే వచ్చాయట. అది ఆయన మర్యాద.

కూర్చున్నాక గోడ మీది తెర చూశాను. 'నల్లరేగడి నవాబు' నడుస్తోంది. ఎవరో హాల్లో కూర్చుని తీసిన కాపీ. బొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. కింద ఎడమవైపు ఒక బట్టతల అడ్డం. శబ్దమైతే బిందెలో తల పెట్టి విన్నట్టుంది.

క్లైమాక్స్ వచ్చింది. హీరో పాత రైసుమిల్లు తలుపు ముందు నిలబడి గడియ మీద చెయ్యి వేస్తాడు. ఆ గడియ చప్పుడు కోసం నేను రెండు రోజులు పాత ఇనప సామాన్ల కొట్లన్నీ తిరిగాను. సరిగ్గా అది పడే చోట ఎవరో మూడుసార్లు దగ్గారు. ఖళ్, ఖళ్, ఖళ్. షాపులో కూర్చున్న ఆరుగురూ తెరతో పాటే దగ్గారు. యెర్లాన్ కత్తెర ఆపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ దగ్గాడు.

"విధి," అన్నాడు నాతో. "చావు వచ్చే ముందు దగ్గుతుంది."

"అది విధి కాదండీ. హాల్లో ఎవరికో దగ్గు వచ్చింది. సినిమాలో దగ్గు లేదు. ఆ సినిమాకు చప్పుళ్లు చేసింది నేనే."

యెర్లాన్ నా తలను జాలిగా నిమిరాడు. "ఆ మాట అన్నవాడు రేపటి సూర్యుణ్ణి చూడలేదు," అన్నాడు. నేను ఒప్పుకోను అని దాని అర్థమట.

సోల్ 15

కాలనీ పాలనాధికారి వాంజిరు గారిని కలిశాను. కెన్యా ఆవిడ. చెవిలో పెట్టుకునే అనువాద యంత్రం ఆవిడ మాటలను నాకు తెలుగులో చెప్పింది. దాన్ని ఎవరు తయారుచేశారో గానీ పాత తెలుగు వాచకం మింగినట్టుంది.

"సోదరీ, తమ వేదన మా హృదయమును కలచివేసినది," అంది యంత్రం. ఆవిడ నోరు చూస్తే 'అయ్యో పాపం' అని ఉంటుంది, అంతే.

ఆవిడ బల్ల మీద కూడా నవాబే నడుస్తున్నాడు. శబ్దం తగ్గించి పెట్టుకుంది. ఇక్కడ కాపీలు ఎవరూ అమ్మరు, అందరూ అందరికీ ఇచ్చుకుంటారు, కనుక నేరం కిందికి ఎలా వస్తుందో తెలియదు అంది. ఆసుపత్రిలో పళ్లు పీకేటప్పుడు ఇవే పెడతారట. బడిలో పిల్లలు వీటితోనే తెలుగు నేర్చుకుంటున్నారట.

గదికి వచ్చి భూమ్మీది అంతర్‌గ్రహ చిత్ర హక్కుల సంఘానికి ఫిర్యాదు పంపాను. దొంగతనం జరిగిన జిల్లా అన్న చోట 'అంగారకుడు' అని రాశాను. కళాకృతికి జరిగిన నష్టం అన్న చోట 'దగ్గు, మూడుసార్లు' అని రాశాను. ఆవేశంలో కొంత క్యాంటీన్‌లో బయటికే చదివాను. వడ్డిస్తున్న పేరిందేవి పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడి విన్నది. రేపల్లె ఆవిడ. అరవై ఏళ్ల మనిషి. వచ్చిన దగ్గర నుంచి నన్ను సొంత కూతురిలా చూస్తోంది.

సోల్ 47

సంఘం నుంచి జవాబు వచ్చింది. నాలుగు వేల మంది ఉన్న కాలనీలో ఇంతవరకు ఒక్క సినిమా అయినా డబ్బిచ్చి కొన్నది నేనొక్కదాన్నే అని వాళ్ల లెక్కల్లో తేలిందట. కాబట్టి నన్ను అంగారక గ్రహానికి గౌరవ హక్కుల ప్రతినిధిగా నియమించారు. జీతం లేదు. చేతికి కట్టుకునే పట్టీ ఒకటి వస్తువుల ఓడలో పంపుతారట.

నలభై సోల్‌లలో నివేదిక ఇవ్వాలి. దొంగ కాపీలు చూసేవాళ్లు పదోవంతు దాటితే కాలనీకి వచ్చే వీడియో సిగ్నల్ మొత్తం ఆపేస్తారు. చివరి వాక్యం రెండుసార్లు చదివాను. ఇళ్ల నుంచి వచ్చే వీడియోలు కూడా ఆ సిగ్నల్ మీదే వస్తాయి. ఎదురు గదిలో ఉండే నర్సు మనవరాలి వీడియో రోజూ చూసుకుంటుంది. నేను అడిగింది ఇది కాదు.

సోల్ 52

ఇల్లిల్లూ తిరిగి లెక్క రాస్తున్నాను. దాక్కుంటారేమో, అబద్ధాలు చెబుతారేమో అనుకున్నాను. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. టీ ఇచ్చారు. తమ దగ్గరున్న కాపీలన్నీ బయటికి తీసి చూపించారు. పేర్లు తప్పు రాయకుండా దగ్గర కూర్చుని రాయించారు. మూడో సొరంగంలో ఒక ముసలాయన, పక్కింటికి వచ్చి తన ఇంటికి రాలేదని అలిగి కూర్చున్నాడు. మళ్లీ వెళ్లి ఆయన పేరూ రాసుకున్నాను.

సిగ్నల్ ఆగిపోవచ్చని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. వాళ్ల దిగులు వేరేగా ఉంది.

"దగ్గాయన ఏమయ్యాడు?" అని అడుగుతున్నారు.

ఈ మధ్య వచ్చిన మూడు సినిమాల్లో దగ్గు లేదట. అంతకుముందు పదకొండేళ్లుగా వచ్చిన ప్రతి కాపీలోనూ ఉందట. కొందరు నా వైపు అదోలా చూస్తున్నారు. నేనే ఏదో చేసి తీయించేశానని అనుమానం.

సోల్ 60

ప్రతినిధి హోదాలో ఒక్క ప్రదర్శనకు అనుమతి అడిగితే ఇచ్చారు. 'నల్లరేగడి నవాబు' అసలు కాపీ. క్యాంటీన్‌లో బల్లలు తీసేసి వేశాం. జనం మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. అసలు సినిమా ఎలా ఉంటుందో ఇవాళ చూస్తారని నేను గుమ్మం దగ్గర నిలబడి మురిసిపోయాను.

పది నిమిషాలకే గొణుగుడు మొదలైంది. బొమ్మ తిన్నగా ఉండటం వాళ్లకు నచ్చలేదు. మెడలు అలవాటుగా ఒక పక్కకు వంచి చూస్తున్నారు. బట్టతల ఏదని ఒకరు అడిగారు. క్లైమాక్స్‌లో హీరో గడియ మీద చెయ్యి వేశాడు. నా గడియ చప్పుడు స్పష్టంగా, గొప్పగా పడింది. తర్వాత వెనక నుంచి యెర్లాన్ గొంతు.

"మోసం."

నాలుగు వందల మంది కలిసి దగ్గేశారు. దగ్గి తృప్తిపడ్డారు.

అయితే ఒకటి జరిగింది. సినిమా మధ్యలో వాన వచ్చే చోట అందరూ కదలకుండా అయిపోయారు. దొంగ కాపీలో ఆ వాన వట్టి బుస్సుమనే మోత. ఇక్కడ ఆ మోత వినిపిస్తే లీకు అని లేచి పరిగెత్తుతారు. అందుకే ఆ సీను వస్తే ఇన్నాళ్లూ శబ్దం కట్టేసేవాళ్లట. ఈరోజు మొదటిసారి విన్నారు. రేకుల మీద చినుకులు, తర్వాత మట్టి మీద, తర్వాత అన్నీ కలిసిపోయిన జోరు. ఇక్కడ పుట్టిన పిల్లలు వాన ఎరగరు. ఒక పాప తల్లి ఒళ్లో నుంచి లేచి తెర దగ్గరకు వెళ్లి చెయ్యి చాపింది.

అయ్యాక యెర్లాన్ వచ్చాడు. "ఆ వాన ఎక్కడ పట్టావు?"

"చేటలో ఆవాలు పోశాను."

విలన్లు చెప్పే మాటల్లో దీనికి తగింది దొరకలేదు కాబోలు. చివరికి నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు.

సోల్ 66

ఈరోజు టిఫిన్ల వేళ అయిపోయాక పేరిందేవి పిన్ని నన్ను వంటగదిలోకి పిలిచింది. పీట వేసి, నా ముందు పెసరట్టు పెట్టి, తినేదాకా ఆగింది.

"అమ్మాయ్, ఆ దగ్గు మా తమ్ముడిది," అంది.

"సాంబయ్య. మా ఊళ్లో ఉన్నది ఒకటే హాలు. నేనిక్కడికి వచ్చిన కొత్తల్లో దిగులు పడి తిండి మానేస్తే, సినిమా పంపుతాను అక్కా, చూసి తిను అన్నాడు. అప్పటి నుంచి పంపుతానే ఉన్నాడు. ఇంటి వీడియోలకు పెళ్లి అని పేరు పెడితే పెద్దవి కూడా రానిస్తారు. అందుకని పెళ్లి అని రాసి పంపుతాడు."

ఇప్పుడు అర్థమైంది. పేరిందేవి పిన్ని కుటుంబంలో పదకొండేళ్లలో మూడు వందల నలభై పెళ్లిళ్లు జరిగాయని వాంజిరు గారు ఒకసారి ఆశ్చర్యపోయారు.

"నేను ఒక్కదాన్నే చూస్తానా. ఒకళ్లు అడిగారు, ఇచ్చాను. ఇంకొకళ్లు అడిగారు. లేదని ఎట్టా అంటాం. దాన్ని దొంగతనం అనుకోలా. నువ్వొచ్చి చెప్పేదాకా తట్టనే లేదు."

"మరి దగ్గు ఎందుకు ఆగింది పిన్నీ?"

ఆవిడ పెనం వైపు తిరిగింది. "నీ ఫిర్యాదు విన్నానుగా. తమ్ముడూ, నీ దగ్గు మీద ఇక్కడ పెద్ద గొడవైంది, కాస్త చూసుకో అని వాడికి చెప్పాను. దగ్గు లేకుండా తీసి పంపుతున్నాడు. తగ్గిందేమోలే అనుకున్నా. కానీ ఎందుకో భయంగా ఉందమ్మా. నువ్వు గోడలు వింటావుగా. ఒకసారి వాణ్ణి విను."

సోల్ 67

మూడు కాపీలూ విన్నాను. బొమ్మ ఆపేసి, శబ్దం మాత్రమే. సంగీతం, మాటలు తీసేస్తే మిగిలేది హాలు. పంకా ఒకటి కిర్రుమంటోంది. ఎవరో పల్లీలు ఒలుస్తున్నారు. అన్నిటికంటే దగ్గరగా, ఫోను పట్టుకున్న మనిషి ఊపిరి.

దగ్గు వచ్చే ముందు ఊపిరి ఆగుతోంది. గుడ్డ నోటికి అదుముకున్న చప్పుడు. పది, పన్నెండు క్షణాలు ఏమీ ఉండదు. తర్వాత గుడ్డలోంచి వదిలిన గాలి, దాని చివర సన్నని కూత. మొదటి సినిమాలో ఎప్పుడో ఒకసారి. మూడో దానికి వచ్చేసరికి ప్రతి ఊపిరికీ ఉంది, అడుగున నీళ్లు బుడబుడలాడినట్టు ఇంకో మోతతో సహా. గోడలో అయితే ఈపాటికి సుద్దతో చుట్టి సైరన్ మోగించేదాన్ని.

పరుగున వంటగదికి వెళ్లాను.

"పిన్నీ, దగ్గు తగ్గలేదు. అణిచిపెట్టుకుంటున్నాడు. లోపల ఏదో చేరింది. ఇవాళే ఆసుపత్రికి వెళ్లమని చెప్పు."

ఇద్దరం సందేశాల గదికి వెళ్లాం. యంత్రం సందర్భం ఏమిటని అడిగింది. పెళ్లి, పుట్టుక, చావు, పండగ. అంతే ఉన్నాయి. పిన్ని ఆ నాలుగింటినీ చూసి, పెళ్లి నొక్కింది.

నేను గదికి వచ్చి కూర్చున్నాను. ఫిర్యాదులో 'దగ్గు, మూడుసార్లు' అని రాసిన చెయ్యి ఇదే.

సోల్ 79

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే చేతులు దాటిపోయేదని గుంటూరు డాక్టర్లు అన్నారట. పన్నెండు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడు. ఈరోజు లేచి కూర్చుని జావ తాగాడని కబురు వచ్చింది. పిన్ని క్యాంటీన్‌లో అందరికీ సేమ్యా పాయసం పోసింది. విషయం తెలిసి యెర్లాన్ పిన్నికి నమస్కారం పెట్టి, "నీ తమ్ముడి ప్రాణం నా గుప్పిట్లో పెట్టి కాపాడతాను," అన్నాడు. ఆమెకు అర్థమైంది. కళ్లు తుడుచుకుంది.

సోల్ 86

రేపు నివేదిక గడువు. ఈరోజు అంతా దానితోనే సరిపోయింది. దొంగ కాపీలు చూసేవారి శాతం అన్న చోట 'వంద' అని రాశాను. యెర్లాన్ షాపులో నేనూ కూర్చుని చూశాను కాబట్టి నన్నూ కలిపాను.

'సరఫరా చేసే వ్యక్తి పేరు' అన్న చోట ఆగిపోయాను. ఖాళీగా వదిలేద్దామనుకుని క్యాంటీన్‌కు వెళ్లాను. పిన్ని నా మొహం చూసి కాగితం లాక్కుని చదివింది.

"నా పేరు రాయి."

"పిన్నీ, నీకు వీడియోలు ఆపేస్తారు."

"ఆపనీ. ఊరంతటినీ దొంగలని రాసి నన్నొక్కదాన్నీ వదిలేస్తావా. రేపు వీళ్ల మొహాలు నేనెట్టా చూడను? రాయమ్మాయ్. వంకాయల పేరిందేవి. వంకాయల అని సరిగ్గా రాయి."

రాశాను. అయితే సంఘం వాళ్లు అడగని సంగతి ఒకటి కింద చేర్చాను. ఇక్కడ ఒక్క సినిమా కూడా అమ్మడం లేదు. కొన్నదాన్ని నేనే చూడలేకపోయాను. అమ్మితే కొంటామని కాలనీ మొత్తం సంతకాలు పెట్టింది, జతచేస్తున్నాను. సాంబయ్య సంగతి కూడా జరిగింది జరిగినట్టు రాశాను, నా ఫిర్యాదుతో సహా. యెర్లాన్ సంతకం కింద తన సొంత వాక్యం ఒకటి రాశాడు: 'అడిగింది ఇస్తే మంచిది. లేకపోతే మా దారి మాకుంది.' అది బతిమాలుకోవడం అని నేను పక్కన వివరణ రాయాల్సి వచ్చింది.

సోల్ 121

తీర్పు వచ్చింది. వాంజిరు గారు అందరినీ పిలిచి చదివారు. సిగ్నల్ ఆపడం లేదు. వచ్చే నెల నుంచి సినిమాలు అంగారకుడి మీద కూడా అమ్ముతారు. సంఘంలో ఎవరో నా నివేదిక చదివి, ఇంతమంది చూసేవాళ్లు ఇక్కడున్నారన్న సంగతి తమకు ఇంతవరకు తట్టలేదని ఒప్పుకున్నారు.

సాంబయ్యను ఇక హాల్లో ఫోను తీయొద్దని హెచ్చరించి వదిలేశారు. వంకాయల పేరిందేవికి మాత్రం ఏడాది పాటు వీడియోలు నిషేధం. 'గొంతు సందేశములకు అభ్యంతరము లేదు,' అంది నా చెవిలో యంత్రం. పిన్ని తలూపి, సాంబారు మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ వెనకే ఎదురు గది నర్సు వెళ్లింది. ఆ వెనక ఇంకో పదిమంది.

సోల్ 158

అసలు సినిమా మొదటి ఆట ఈరోజే. టికెట్లు కొనడానికి జనం రెండు సొరంగాల పొడుగునా నిలబడ్డారు. యెర్లాన్ తన టికెట్ గుడ్డలో చుట్టుకుని దాచాడు.

నేను రెండు టికెట్లు కొన్నాను. రెండోది ఇక్కడిది కాదు. రేపల్లెలో హాలువాళ్లకు రాసి సాంబయ్య పేరు మీద ఒక సీటు తీసుకున్నాను, మధ్య వరసలో, పంకా కింద కాకుండా. పదకొండేళ్లలో ఆయన ఒక్క సినిమా కూడా చూడలేదని పిన్ని చెప్పింది. ఫోను కదలకుండా ఉందా లేదా అనే చూస్తూ కూర్చునేవాడట.

ఆట వదిలాక ఆయన గొంతు సందేశం వచ్చింది. పిన్ని గదిలో నేలమీద కూర్చుని విన్నాం. పిన్ని, నేను, యెర్లాన్. నేను ముందు ఊపిరి విన్నాను. శుభ్రంగా ఉంది.

"అక్కా, నేను సాంబయ్యని. సినిమాకి వెళ్లొచ్చా. ఆ సౌండమ్మాయికి చెప్పు, టికెట్ ముట్టింది. ఏమో అక్కా, రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియలా. కాసేపు ఒళ్లో పెట్టుకున్నా. కాసేపు కట్టుకున్నా. పక్కనాయన, ఏంటయ్యా ఇబ్బందిగా ఉందా అన్నాడు. లేదండీ, అలవాటు లేదు అన్నా. తర్వాత పల్లీలు కొనుక్కున్నా. హాయిగా ఉందక్కా."

అంతటితో ఆగింది. యెర్లాన్ కంగారుపడ్డాడు. సినిమా ఎలా ఉందో చెప్పలేదేమిటని పిన్నిని అడిగాడు. పిన్ని అదే ప్రశ్న పంపింది. మాట భూమికి చేరి తిరిగి రావడానికి అరగంట పైనే పట్టింది. ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చున్నాం.

జవాబు వచ్చింది. సాంబయ్య గొంతు కొంచెం సిగ్గుపడుతోంది.

"ఇంటర్వెల్ దాకా బాగుందక్కా. ఆ తర్వాత నిద్ర పట్టేసింది."